వైఫై నిలకడగా లేదా? తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేసే క్రమం

విశాఖలో మా అపార్ట్‌మెంటులో ఎవరి ఇంట్లో నెట్ ఆగినా ముందు నాకు ఫోను వస్తుంది, కంపెనీకి ఆ తర్వాత. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే: "రూటర్ మార్చేయమంటారా?" చాలాసార్లు అక్కర్లేదు. ఆగింది వైఫైయా, నెట్టా అన్నది తేల్చుకోకుండా డబ్బా మార్చడం జ్వరం చూడకుండా మాత్ర వేయడం లాంటిదే.

ఫోను దాకా నెట్ మూడు మజిలీలలో వస్తుంది. వీధి నుంచి ఇంటికి తీగ, ఇంట్లో డబ్బా, అక్కడి నుంచి ఫోనుకు గాలి. తప్పు ఈ మూడింటిలో ఎక్కడో ఉంటుంది. దాన్ని పట్టుకునే వరుస ఇది. మొదటి మూడు అంకాలు క్రమంలోనే చేయండి, ఆ తర్వాత ఎటు వెళ్లాలో మూడోది చెబుతుంది. ఒకసారి ఒక్కటే మార్చండి. ఒకేసారి నాలుగు మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడితే మొదటికే వస్తారు.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

• మీటరో రెండు మీటర్లో పొడవున్న ల్యాన్ కేబుల్. రకం క్యాట్ 5ఈ చాలు, క్యాట్ 6 అయితే మరీ మంచిది.
• ల్యాన్ కేబుల్ పట్టే ల్యాప్‌టాప్. ఆ రంధ్రం లేని సన్నని ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్.
• చుట్టుపక్కల వైఫైల బలాన్ని, ఛానళ్లను (అవి నడిచే దారులను) చూపే యాప్ ఏదైనా. ఆండ్రాయిడ్ ఫోనులో ఇది సులువు.
• డబ్బా అడుగున అంటించిన చీటీ ఫోటో. సెట్టింగుల చిరునామా, పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా దానిమీదే ఉంటాయి.
• డబ్బా సెట్టింగుల పేజీల ఫోటోలు, ముట్టుకోకముందే తీసినవి. బ్రౌజర్‌లో ఆ చిరునామా కొడితే పేజీలు తెరుచుకుంటాయి.
• ఒక నోటు పుస్తకం.

ఒక హెచ్చరిక. డబ్బా వెనక సూదితో నొక్కే చిన్న రంధ్రం ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని దాన్ని నొక్కకండి. అది ఆపి మళ్లీ వేయడం కాదు, అన్నీ చెరిపేయడం. కంపెనీ పెట్టిన లాగిన్ వివరాలు కూడా పోవచ్చు. ఆ తర్వాత మనిషి వచ్చేదాకా వైఫై ఉంటుంది గాని అందులో నెట్ ఉండదు.

2. మూడు రోజుల చిట్టా రాయండి

"నెట్ సరిగ్గా రావడం లేదు" అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. ఆగిన ప్రతిసారీ ఈ అయిదూ రాయండి:

• సమయం
• ఏ గదిలో
• ఏ పరికరంలో, మిగతావాటిలో కూడానా
• వైఫై గుర్తే మాయమైందా, గుర్తు ఉండి నెట్ లేదా
• ఎంతసేపటికి తిరిగి వచ్చింది, దానంతట అదేనా, మీరు డబ్బా ఆపి మళ్లీ వేస్తేనా

విసుగు పని అనిపిస్తుంది. కానీ మా పై అంతస్తు పెద్దాయన సమస్య దీనితోనే తేలింది. రోజూ రాత్రి 8 గంటలకు అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడుతుంటే వీడియో రెండు నిమిషాలు బిగుసుకుపోయేది. కేబుల్ మారింది, ప్లాన్ మారింది. చిట్టా చూస్తే సమయాలన్నీ భోజనాల వేళవే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్‌లో కూర వేడి చేస్తున్నారు. ఆ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆయన ఫోను పట్టుకున్న వైఫై 2.4 గిగాహెర్ట్జ్. ఫోనును వైఫైకి ఉన్న మరో బ్యాండుకు, అంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే సరిపోయింది. పైసా ఖర్చు లేదు.

3. తీగ పరీక్ష: ఇది చేయకుండా ముందుకు వెళ్లకండి

ఈ వ్యాసంలో ఒక్క అంకమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో డబ్బాకు తగిలించండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇది మరిచిపోతే పరీక్షకు అర్థం లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను రెండు కిటికీలుగా తెరవండి. మొదటిదానిలో ఇంగ్లీషు అక్షరాల్లో పింగ్ అని, ఖాళీ వదిలి డబ్బా చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి అడ్డగీత, దానికి ఆనించి చిన్న టీ అక్షరం టైపు చేసి ఎంటర్ నొక్కండి. చాలా ఇళ్లలో డబ్బా చిరునామా 192.168.1.1 లేదా 192.168.0.1. రెండో కిటికీలో అదే పద్ధతిలో 8.8.8.8 ఇవ్వండి, అది గూగుల్ సర్వర్ చిరునామా. మొదటిది ఇంట్లోని డబ్బాను పలకరిస్తుంది, రెండోది ఊరు దాటి బయటి ప్రపంచాన్ని.

రెండింటినీ అరగంట నడవనివ్వండి. వీలైతే చిట్టాలో ఎక్కువసార్లు పడిన సమయంలోనే చేయండి. తర్వాత కేబుల్ తీసేసి, అదే చోట కూర్చుని వైఫై మీద మళ్లీ అరగంట.

ఫలితాన్ని ఇలా చదవాలి:

• తీగ మీద రెండూ బాగున్నాయి, వైఫై మీద డబ్బా జవాబులే ఆగుతున్నాయి లేదా వందల మిల్లీసెకన్లకు ఎగబాకుతున్నాయి: తప్పు గాలిలో ఉంది. 7, 8 అంకాలకు వెళ్లండి.
• తీగ మీద డబ్బా బాగా పలుకుతోంది, 8.8.8.8 వరుసగా ఆగుతోంది: బయటి లైను. 5, 6, 12 అంకాలు.
• తీగ మీద కూడా డబ్బాయే పలకడం లేదు: డబ్బా, దాని కరెంటు, లేదా ఆ ల్యాన్ కేబుల్. 4, 6 అంకాలు.
• రెండూ చక్కగా పలుకుతున్నాయి కాని సైట్లు తెరుచుకోవు: పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ తప్పు. డబ్బా సెట్టింగుల్లో డీఎన్ఎస్ కింద 1.1.1.1, 8.8.8.8 ఇచ్చి చూడండి.

తీగ మీద డబ్బా జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో రావాలి. 8.8.8.8 విషయంలో అరగంటకు ఒకటో రెండో జవాబులు తప్పిపోతే కంగారు అక్కర్లేదు. పదీ ఇరవై వరుసగా పోతేనే లెక్క. నెట్ బాగున్న రోజున ఎంత వస్తోందో రాసి ఉంచుకుంటే చెడ్డ రోజున పోల్చుకోవచ్చు.

4. డబ్బాకు కరెంటు సరిగ్గా అందుతోందా?

సెట్టింగుల పేజీలో 'అప్‌టైమ్' అని ఒక వరుస ఉంటుంది. డబ్బా ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెబుతుంది. మీరు ఆపలేదు, కరెంటూ పోలేదు, అయినా అక్కడ మూడు గంటలే చూపిస్తోందంటే డబ్బా దానంతట అదే ఆగి లేస్తోంది.

ఈ వరుస చూడక నేను ఆరు వారాలు కంపెనీతో పోట్లాడాను. వాళ్లు రెండు డబ్బాలు మార్చారు. చివరికి తేలింది, మా ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఆ ప్లగ్గు వదులు. అదే బాక్సు నుంచి ఇస్త్రీపెట్టె తీగ లాగినప్పుడల్లా డబ్బా ఆరి వెలిగేది. తప్పు పూర్తిగా నాదే. ఆ విషయం వాళ్లకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

• అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి.
• అడాప్టర్ మీది అంకెలు డబ్బా మీది అంకెలతో సరిపోవాలి. వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. 12 వోల్టులు 1.5 ఆంపియర్లు కావలసిన డబ్బాకు పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ తగిలిస్తే వెలుగుతుంది, పని పెరిగినప్పుడు కూలబడుతుంది.
• డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండడం మామూలే. చెయ్యి ఆన్చలేకపోతే గాలి ఆడే చోటికి మార్చండి. మే నెలలో మన ఉక్కపోతకు తోడు డబ్బా మీద క్రోషియా గుడ్డ, దానిపైన పూలకుండీ ఉన్న ఇళ్లు నేను చూశాను.

5. వీధి నుంచి వచ్చే ఫైబర్

ఫైబర్ అంటే నెట్‌ను వెలుతురుగా మోసే సన్నని తీగ. ముందు డబ్బా మీది దీపాలు. 'ఎల్ఓఎస్' దీపం ఎర్రగా వెలుగుతుంటే లేదా మిణుకుతుంటే డబ్బాకు వెలుతురు అందడం లేదు. 'పాన్' దీపం నిలకడగా ఉండక మిణుకుతూనే ఉంటే వెలుతురు వచ్చినా అవతల కంపెనీ యంత్రంతో జత కుదరలేదు.

దీపాలన్నీ పచ్చగా ఉండి కూడా లైను బలహీనంగా ఉండవచ్చు. సెట్టింగుల్లో ఆప్టికల్ పేజీ తెరిచి 'రిసీవ్ పవర్' చూడండి. బలాన్ని చెప్పే డీబీఎం అనే కొలతలో మైనస్ అంకె ఉంటుంది. సున్నాకు దూరంగా జరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. మైనస్ 18 నుంచి మైనస్ 24 దాకా ఉంటే దిగులు లేదు. ఇళ్లలో వాడే జీపాన్ రకం ఫైబర్ డబ్బాలు చాలావరకు మైనస్ 27 డీబీఎం దాకా ఓర్చుకుంటాయి. ఆ అంచున ఉంటే ఎండకు, వానకు, గాలికి తెగుతుంది. అంకె 3 డీబీ పడిందంటే వెలుతురు సగమైందని అర్థం. నెలకోసారి నోటు పుస్తకంలో రాసుకోండి.

మనం చూడగలిగింది మడత. ఫైబర్ లోపలిది గాజు. కిటికీ తలుపు సందులో నలిగినా, సోఫా వెనక నొక్కుకున్నా, అందంగా ఉండాలని చిన్న చుట్టగా బిగించి కట్టినా వెలుతురు బయటికి కారిపోతుంది. చుట్ట చేయక తప్పకపోతే కాఫీ సాసరంత వెడల్పు ఉండాలి.

ఆకుపచ్చ మొన ఉన్న ప్లగ్గును పీకి లోపలికి చూడవద్దు. ఆ వెలుతురు కంటికి కనబడదు, హాని మాత్రం చేయగలదు. మొనను చొక్కా అంచుతో తుడవడం మరో పొరపాటు. కంటికి ఆనని ధూళి కూడా దారికి అడ్డమే. ఆ పని టెక్నీషియన్‌కు వదిలేయండి.

మేడ మీద యాంటెన్నా పెట్టి 5జీ ద్వారా ఇచ్చే కనెక్షన్ అయితే ఫైబర్ బదులు యాంటెన్నాను చూడండి. ఈదురుగాలికి తిరిగిపోయిందా, ఎదురుగా కొత్త అంతస్తు లేచిందా, పక్కన నీళ్ల ట్యాంకు వచ్చిందా? కొండవాలు కాలనీల్లో రెండడుగులు జరిపినా తేడా కనిపిస్తుంది.

6. ఉప్పుగాలి, చిలుము

హైదరాబాదులో రాసిన మార్గదర్శిలో ఈ అంకం ఉండదు. మనకు తప్పదు. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, రుషికొండ, భీమిలి, ఎక్కడైనా సముద్రపు గాలి నేరుగా తగిలే బాల్కనీలో ఇనుప కిటికీ చువ్వలకు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ల్యాన్ ప్లగ్గులోని సన్నని రాగి రేకులకూ అదే జరుగుతుంది. వాటికి బంగారు పూత ఉన్నా అది చాలా పలుచన. చవక ప్లగ్గులో మరీ పలుచన.

పట్టుకునే ఆనవాలు ఒకటుంది. 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా తీగ మీద వేగం 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. గిగాబిట్ వేగానికి ల్యాన్ కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు నాలుగు చాలు. ఒక్క రేకుకు చిలుము పట్టినా రెండు వైపులా సర్దుకుని 100కు దిగిపోవచ్చు. ఇంకొంచెం ముదిరితే తెగుతూ కలుస్తూ ఉంటుంది. డబ్బా సాకెట్టే 100 రకమైనా ఇలాగే ఆగుతుంది కాబట్టి ముందు డబ్బా వివరాలు చూసుకోండి.

• కరెంటు ఆపి ప్లగ్గు తీసి, ఫోను టార్చితో రేకులు చూడండి. పచ్చని లేదా నల్లని మచ్చ ఉంటే ఆ మొన కోయించి కొత్త ప్లగ్గు క్రింప్ చేయించండి, అంటే పనిముట్టుతో నొక్కి బిగింపించండి.
• డబ్బా సాకెట్‌లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొద్దిగా వాడి, బాగా ఆరాకే కరెంటు ఇవ్వండి.
• గరుకు కాగితంతో రుద్దకండి. ఉన్న పూత కాస్తా పోతుంది. కిరోసిన్ అసలే వద్దు.
• బయటి తీగ గోడ రంధ్రంలోకి వెళ్లేముందు రంధ్రం కన్నా కిందికి ఒక వంపు తిరిగి ఉండాలి. లేకపోతే వాననీరు తీగ వెంట జారి నేరుగా ఇంట్లోకి, డబ్బాలోకి వస్తుంది.
• బాల్కనీలో డబ్బా ఉంటే లోపలికి తెచ్చేయండి. ఇందులో బేరం లేదు.

అక్టోబరు, నవంబరు తుఫానుల కాలానికి ముందు ఈ తనిఖీ చేసుకోండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. డబ్బాకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే కరెంటు పోయినా కొన్ని గంటలు నెట్ నిలుస్తుంది, వీధి తీగ తెగనంత వరకు.

7. డబ్బా చోటు

డబ్బా ఎక్కడ ఉండాలో చాలా ఇళ్లలో నిర్ణయించింది ఇంటివారు కాదు, తీగ తక్కువ పడేలా చూసుకున్న కేబుల్ మనిషి. అందుకే అది వీధి గుమ్మం పక్కనో, బాల్కనీ మూలనో ఉంటుంది. సముద్రం వైపు కిటికీలో పెట్టిన డబ్బా తన సంకేతంలో సగం సముద్రానికే పంపుతుంది. చేపలకు దానితో పనిలేదు.

సంకేతానికి ఏవి అడ్డమో తెలిస్తే సగం పని అయినట్టే. ఇటుక గోడ కొంత తింటుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్లాబు చాలా తింటుంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద నిలువుటద్దం వెనక్కి తిప్పి కొడతాయి. నీళ్లు మింగేస్తాయి, అంటే అక్వేరియం, మంచినీళ్ల డ్రమ్ము కూడా. 5 గిగాహెర్ట్జ్ గోడలకు త్వరగా లొంగిపోతుంది, 2.4 కాస్త మొండిది.

చేయవలసింది:

• ఇంటికి మధ్యలో, నిలబడిన మనిషి తల ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీగా.
• టీవీ వెనక, షోకేసు అరలో, బీరువా మీద, అటక మీద వద్దు.
• కర్ర యాంటెన్నాలను నిటారుగా నిలపండి. సంకేతం వాటికి అడ్డంగా, పక్కలకు పరుచుకుంటుంది. రెండంతస్తుల ఇల్లయితే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి.

గోడకు మేకు కొట్టకముందే కొలవండి. యాప్‌లో డీబీఎం అంకె చూస్తూ ఇల్లంతా తిరగండి. మంచం మీద, పిల్లలు చదువుకునే బల్ల దగ్గర, వంటింట్లో, ఒక్కో చోట అర నిమిషం ఆగి రాయండి. మైనస్ 50 బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్ నడుస్తుంది. మైనస్ 75 దాటితే తెగుతుంది. తలుపులు వేసి కూడా కొలవండి, ఎందుకంటే రాత్రి వేసుకునే పడుకుంటారు.

ఫైబర్ అక్కడిదాకా రాకపోతే? డబ్బాను గుమ్మం దగ్గరే ఉంచి దాని వైఫై ఆపేయండి. ల్యాన్ కేబుల్ ఒకటి హాలు మధ్యకు లాగి, అక్కడ మంచి రూటర్ పెట్టండి. ఆ రూటర్‌ను 'యాక్సెస్ పాయింట్' పద్ధతిలో ఉంచాలి. లేదంటే ఇంట్లో ఇద్దరు పెద్దలు ఉన్నట్టే, ఇద్దరూ చిరునామాలు పంచుతారు, పరికరాలు తికమకపడతాయి.

8. బ్యాండ్లు, ఛానళ్లు

సీతమ్మధారలోనో మురళీనగర్‌లోనో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో యాప్ తెరిస్తే ఇరవై ముప్పై పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. వాటిలో బలమైన పొరుగువాళ్లు తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. 3 ఖాళీగా ఉందని అక్కడ చేరడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ 1 రొద, 6 రొద రెండూ వినబడతాయి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే వేగం పెరగదు, పక్కవారితో గొడవ పెరుగుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 వాడండి. మధ్యలోని 52 నుంచి 144 వరకు ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ అలికిడి విన్నదనుకుంటే డబ్బా ఆ చోటు ఖాళీ చేయాలి, అలాంటి మరో ఛానల్‌లోకి వెళ్లేముందు కనీసం ఒక నిమిషం ఊరుకుని వినాలి. మీ 5 గిగాహెర్ట్జ్ పేరు నిమిషం మాయమై తిరిగి వస్తుంటే ఛానల్ 'ఆటో'లో ఉందేమో చూసి, 36 నుంచి 48, 149 నుంచి 161లో ఒకటి స్థిరంగా పెట్టేయండి.

రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే ఫోను అటూ ఇటూ దూకుతుంది. కొన్నాళ్లు వేర్వేరు పేర్లు పెట్టి చూడండి. ఫోన్లు, టీవీ 5లో, దూరంగా ఉన్న కెమెరా, స్మార్ట్ బల్బు 2.4లో.

9. ఒక్క పరికరమే మొరాయిస్తే

డబ్బాను వదిలేయండి, అది నిర్దోషి. ఆ పరికరంలో ఈ వైఫైని 'మరిచిపో' అని చెప్పి మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వండి. ల్యాప్‌టాప్ అయితే వైఫై అడాప్టర్‌కు విద్యుత్ ఆదా ఆపి, డ్రైవర్ కొత్తది వేయండి. పాత టీవీ, పాత ప్రింటర్ డబ్ల్యూపీఏ3 భద్రతను గుర్తించకపోవచ్చు. డబ్బాలో డబ్ల్యూపీఏ2 పెట్టండి. అసలు పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదలకండి.

10. దూరపు గదికి రెండో డబ్బా

వైఫైని అందుకుని దూరపు గదికి తిరిగి పంపే రిపీటర్ గురించి దుకాణదారు చెప్పని మాట ఒకటుంది. చవక రిపీటర్ విన్నదాన్నే అదే గొంతుతో తిరిగి చెబుతుంది, కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. పైగా జనం దాన్ని సంకేతం లేని గదిలోనే పెడతారు. దానికే వినబడకపోతే అది ఏం చెబుతుంది? డబ్బాకూ ఆ గదికీ సగం దూరంలో, మైనస్ 60 నుంచి 65 వచ్చే చోట పెట్టాలి.

నా మాట అడిగితే, సొంత ఇల్లయితే ల్యాన్ కేబుల్ లాగించండి, ఒక్కసారి దుమ్ముతో పోతుంది. అద్దె ఇల్లయితే మెష్ జత, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు డబ్బాలు.

11. అందరూ ఇంట్లో ఉన్నప్పుడే నెమ్మదిస్తే

సాధారణంగా దొంగ ఎగుమతి (అప్‌లోడ్) వైపు ఉంటాడు. సీసీ కెమెరా క్లౌడ్‌కు పంపే వీడియో, పెళ్లి నుంచి వచ్చిన ఫోను నింపే ఫోటోల బ్యాకప్. ఎగుమతి దారి నిండితే దిగుమతికి (డౌన్‌లోడ్) కావలసిన చిన్న జవాబులు కూడా వరుసలో నిలబడతాయి, అన్నీ నెమ్మదిస్తాయి. బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చండి. డబ్బాలో వేగాన్ని పంచి పెట్టే 'క్యూఓఎస్' సెట్టింగు ఉంటే ఎగుమతికి హద్దు పెట్టండి.

ఇంకొకటి. 100 మెగాబిట్ల ప్లాన్‌లో సినిమా సెకనుకు 12 మెగాబైట్లే దిగుతోందని ఫిర్యాదు చేయకండి. ఎనిమిది బిట్లు ఒక బైటు. అది పూర్తి వేగమే.

12. ఫిర్యాదు చేసే పద్ధతి

తప్పు లైనులో ఉందని తీగ పరీక్ష చెబితేనే ఫోను చేయండి. "నెట్ రావడం లేదు" అనకండి. "ల్యాన్ కేబుల్‌తో చూశాను, డబ్బా పలుకుతోంది, 8.8.8.8 రాత్రి 9.10 నుంచి 9.25 దాకా పలకలేదు, రిసీవ్ పవర్ మైనస్ 28" అనండి. "ఒకసారి ఆపి మళ్లీ వేయండి సార్" అనే మాట అక్కడితో ఆగుతుంది.

డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు తప్పక అడగండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ అది ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి ఆ నంబరుతోనే రాయాలి. వాట్సాప్‌లో టెక్నీషియన్‌తో నడిపిన మాటలు ఫిర్యాదు కిందికి రావు.

టెక్నీషియన్ వచ్చిన రోజున ఆయన పని అయిపోయిందని చెప్పి ఓటీపీ అడుగుతారు. ఫిర్యాదు మూయడానికి అది. మంచినీళ్లో మజ్జిగో ఇచ్చి పది నిమిషాలు కూర్చోబెట్టండి. కొత్త రిసీవ్ పవర్ అంకె నోటు పుస్తకంలో రాసుకుని, ఆయన ఎదుటే ల్యాన్ కేబుల్‌తో పింగ్ నడిపి, అది తెగలేదని చూశాకే ఓటీపీ చెప్పండి.